జీతం, పీఎఫ్, ప్రమాదం, తొలగింపు: కార్మిక చట్టాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 2019 నాటిది. పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత కోడ్ 2020 నాటివి. 29 కేంద్ర చట్టాలు వీటిలో కలిసిపోయాయి. కొత్త నిబంధనలు వచ్చేదాకా, కోడ్‌కు అడ్డురానంత మేరకు పాత నిబంధనలే నడుస్తాయి. దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం లాంటి రాష్ట్ర చట్టాలు అలాగే ఉన్నాయి. ఈ గందరగోళంలో పాత సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని ఉద్యోగంలో చేరడం నుంచి మానడం దాకా వరసలో పెట్టాం. చివరి భాగం ఉద్యోగాల మీద, సమాజం మీద వీటి ప్రభావం గురించి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## చేరేటప్పుడు

అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు, నోటిమాట మీదే చేర్చుకున్నారు. నాకు చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. లెటర్ లేనంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. పది మంది, అంతకు మించి పనివాళ్లున్న చోట నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు యజమాని బాధ్యత. పాతవాళ్లకు కూడా కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లోగా ఇవ్వాలి.

అసలు ఇబ్బంది రుజువు దగ్గర వస్తుంది. "ఇతనెవరో మాకు తెలియదు" అని యజమాని ఒక్క మాట అంటే, అక్కడ పనిచేశానని ముందు మీరే చూపాలి. అందుకే మొదటి రోజు నుంచీ కొన్ని దాచుకోండి: జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు, గేట్ పాస్ ఫొటో, డ్యూటీ వేస్తూ సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, మీ పేరున్న హాజరు పట్టీ ఫొటో, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) నంబరు. జీతం చేతికిస్తుంటే కనీసం "ఈ నెల జీతం అందింది సార్" అని ఫోన్‌లో మెసేజ్ పెట్టండి. దానికి వచ్చిన "ఓకే" కూడా సాక్ష్యమే.

జీతం 40,000 అంటున్నారు, బేసిక్ మాత్రం 12,000 అని వేశారు. నాకు నష్టమా?

ఇదివరకైతే నష్టమే. పీఎఫ్, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం) అన్నీ ఆ చిన్న బేసిక్ మీదే లెక్కకట్టేవారు. ఇప్పుడు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది.

మీ లెక్కే చూద్దాం. అలవెన్సులు 28,000. సగం అంటే 20,000. దాటిన 8,000 బేసిక్‌కు కలిపితే చట్టం దృష్టిలో మీ వేతనం 20,000. గ్రాట్యుటీ ఏడాదికి 6,923 చొప్పున వచ్చేది 11,538 అవుతుంది. పీఎఫ్‌లో యజమాని చట్టబద్ధమైన 15,000 పరిమితి మీదే కట్టాలనుకుంటే మీ వాటా 1,440 నుంచి 1,800కు పెరుగుతుంది. చేతికొచ్చేది 360 తగ్గుతుంది, యజమాని వాటాతో కలిపి పీఎఫ్, పెన్షన్‌లలో 720 ఎక్కువ జమవుతుంది. ఇప్పటికే 15,000 మీద పీఎఫ్ కోస్తున్నవాళ్లకు చేతికొచ్చే జీతంలో తేడా ఉండదు. కొత్త కోడ్‌ల వల్ల జీతాలు తగ్గిపోతాయన్న ప్రచారంలో ఈ సంగతి చెప్పరు.

పని చేసేది ఒక కంపెనీలో, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. డబ్బు ఎగ్గొడితే ఎవరిని అడగాలి?

ఇద్దరినీ. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే, పని జరిగిన సంస్థ యజమాని చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. పీఎఫ్, ఈఎస్ఐ బాధ్యత కూడా చివరికి ప్రధాన యజమానిదే. ఆయన కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో కోసుకుంటాడు.

ఫిర్యాదులో చాలామంది కాంట్రాక్టరు పేరు ఒక్కటే రాస్తారు. ఆ కాంట్రాక్టరు టెండర్ అయిపోగానే ఫోన్ మార్చేస్తాడు, ఫైలు అక్కడే ఆగిపోతుంది. మొదటి కాగితం నుంచే ప్రధాన సంస్థ పేరు, చిరునామా రాయండి. కాంట్రాక్టరు మారినా అదే చోట, అదే పని చేస్తుంటే ఏ కాంట్రాక్టరు దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేశారో విడిగా రాసి పెట్టుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే?

బాండ్ చూపించి మిమ్మల్ని బలవంతంగా పనిలో ఉంచలేరు. కాంట్రాక్టు చట్టం ప్రకారం, బాండ్‌లో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. శిక్షణకు నిజంగా ఖర్చు పెట్టామని చూపగలిగితే ఆ వాదనకు బలం ఉంటుంది. ఏ శిక్షణా ఇవ్వకుండా రెండు లక్షలు అడిగితే నిలబడడం కష్టం. సర్టిఫికెట్లు మీ ఆస్తి. తిరిగివ్వమని ఈమెయిల్‌లోనో రిజిస్టర్ పోస్టులోనో అడగండి, ఫోన్‌లో కాదు.

ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు పెట్టిన ఉద్యోగం) అన్నారు. పర్మనెంట్ వాళ్లకంటే తక్కువ ఇస్తారా?

ఇవ్వకూడదు. ఒకే రకం పనికి పర్మనెంట్ ఉద్యోగితో సమానంగా జీతం, పనిగంటలు, సౌకర్యాలు ఉండాలి. ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా వస్తుంది. కానీ గడువు ముగిసి ఇంటికి పంపితే అది తొలగింపు కిందికి రాదు కాబట్టి తొలగింపు పరిహారం అడగలేరు. ఈ పద్ధతి యజమానులకు నచ్చేది అందుకే.

## పని చేస్తున్నప్పుడు

మా పనికి కనీస వేతనం ఎంతో ఎలా తెలుసుకోవాలి?

ఇదివరకు షెడ్యూల్‌లో పేరున్న పనులకే కనీస వేతనం ఉండేది. ఇప్పుడు అన్ని పనులకూ ఉంది. రాష్ట్ర కార్మిక శాఖ నోటిఫికేషన్‌లో నైపుణ్యం స్థాయి, ప్రాంతం బట్టి రేటు ఉంటుంది. దానికి తోడు ధరలను బట్టి మారే కరవు భత్యం, అంటే వీడీఏ ఉంటుంది. పొరపాటు ఇక్కడే జరుగుతుంది: నోటిఫికేషన్‌లోని మూల రేటు చూసి "నాకు అంతే వస్తోంది కదా" అనుకుంటారు, వీడీఏ కలపరు. రెండూ కలిపిన మొత్తాన్నే పోల్చుకోవాలి. మీరు వెల్డింగ్ చేస్తుంటే, రిజిస్టరులో హెల్పర్ అని రాసి హెల్పర్ రేటు ఇస్తున్నారేమో కూడా చూసుకోండి.

రోజుకు 12 గంటలు చేయిస్తున్నారు. ఓటీకి (అదనపు గంటల పనికి) మామూలు రేటే ఇస్తున్నారు. అది సరేనా?

కాదు. ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలి. మీ నెల వేతనం 15,600 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 600, ఎనిమిదితో భాగిస్తే గంటకు 75. ఓటీ గంటకు 150 రావాలి. పనివాడి సమ్మతి లేకుండా ఓటీ వేయకూడదని కూడా కోడ్‌లో ఉంది. వారానికి 48 గంటల లెక్కను మాత్రం రాష్ట్రాలు రోజుల మీద వేర్వేరుగా పంచుకుంటున్నాయి కాబట్టి, రోజు పరిమితికి మీ రాష్ట్ర నిబంధన చూడండి.

"నీది 12 గంటల డ్యూటీ, ఓటీ లేదు" అని ముందే చెప్పి చేర్చుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. చట్టం ఇచ్చినదాన్ని తగ్గించే ఒప్పందం మీద సంతకం పెట్టినా హక్కు పోదు.

ఒక రోజు రాకపోతే రెండు రోజుల జీతం కోస్తున్నారు.

ఒక రోజు గైర్హాజరుకు ఒక రోజు జీతమే కోయాలి. మొత్తం కోతలన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు. జరిమానా వేయాలంటే, ఏ తప్పుకు వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు పెట్టి, మీ వివరణ అడిగి ఉండాలి. అదీ ఆ నెల జీతంలో 3 శాతం లోపే. క్యాష్ కౌంటర్‌లో తగ్గిన డబ్బు, పగిలిన సరుకు ఖరీదు కోయాలంటే అది నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. అందరి మీదా సమానంగా పంచి కోయడం కుదరదు.

పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తోంది, పాస్‌బుక్‌లో పడట్లేదు. ఏం చేయాలి?

నెల జీతం మీది పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. ఒక నెల ఆలస్యమైతే ఆగి చూడొచ్చు. రెండు నెలలు దాటితే పేస్లిప్‌లు, పాస్‌బుక్ ప్రింట్ జతచేసి పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. ఉద్యోగి వాటా కోసి కట్టకపోవడం బాకీతో సరిపోయే విషయం కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది.

పాస్‌బుక్ చూసేటప్పుడు మూడు వరసలుంటాయి. మీ వాటా 12 శాతం. యజమాని 12 శాతంలో 3.67 శాతం మాత్రమే పీఎఫ్‌లోకి వెళ్తుంది. మిగతా 8.33 శాతం పెన్షన్‌కు, నెలకు గరిష్ఠంగా 1,250. వేతనం 15,000 అయితే 1,800, 550, 1,250 కనిపించాలి. "యజమాని 550 మాత్రమే కట్టాడు" అంటూ వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఈ లెక్క తెలియక వచ్చేవే. వేతనం వరస మాత్రం జాగ్రత్తగా చూడండి. నెలంతా పనిచేసినా పది రోజుల వేతనమే చూపించడం అలవాటైన ఎగవేత.

జీతం పెరిగి 21,000 దాటింది. ఈఎస్ఐ వెంటనే ఆగిపోతుందా?

ఆగదు. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని చందా కాలాలు రెండు. మధ్యలో దాటితే ఆ కాలం ముగిసేదాకా మీ 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాల్సిందే, వైద్యమూ అందుతుంది. అనారోగ్య భత్యం కావాలంటే ఒక చందా కాలంలో 78 రోజులకు చందా ఉండాలి. అప్పుడు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. పనిలో గాయపడితే మాత్రం ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు లేదు. చేరిన రోజే జరిగినా 90 శాతం భత్యం వస్తుంది.

ఏడాదికి ఎన్ని సెలవులు?

ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు. ఇదివరకు ఫ్యాక్టరీల్లో 240 రోజులు కావాల్సి వచ్చేది. 30 రోజుల దాకా తర్వాతి ఏడాదికి జమ చేసుకోవచ్చు.

గర్భవతినని చెప్పగానే రాజీనామా చేయమంటున్నారు.

చేయకండి. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. ఇందులో ప్రసవానికి ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోలేరు. సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. ప్రసవానికి ముందు భాగానికి డబ్బు ముందుగానే, మిగతాది ప్రసవం రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి. డాక్టరు సర్టిఫికెట్‌తో సెలవు దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకమో ఈమెయిల్ జవాబో తీసుకోండి. "ఆమే మానేసింది" అన్న మాటను తర్వాత అడ్డుకునేది ఆ కాగితమే.

ఆఫీసులో లైంగిక వేధింపులు. ఎవరికి చెప్పాలి?

పది మంది ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంది. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పోలీసు ఫిర్యాదు దారి విడిగా ఉంటుంది, ఒకటి పెడితే రెండోది పోదు.

యాప్‌లో డెలివరీ చేస్తున్నాను. నాకు పీఎఫ్, కనీస వేతనం ఉంటాయా?

లేవు. మీలాంటి యాప్ పనివాళ్లను, అంటే గిగ్ వర్కర్‌ను కోడ్ ఉద్యోగిగా చూడదు. యజమాని–ఉద్యోగి సంబంధం బయట ఉన్న మనిషిగానే చూస్తుంది. బదులుగా యాప్ సంస్థలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత నిధికి కట్టాలి. ఆ మొత్తం వర్కర్లకు చెల్లించేదాంట్లో 5 శాతం మించనక్కర్లేదు. ఈ నిధి కింద వచ్చే పథకాలకు ప్రభుత్వ ఈ–శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో నమోదై ఉండాలి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఉబర్ డ్రైవర్లను వర్కర్లుగా గుర్తించి కనీస వేతనం, జీతంతో సెలవు ఇప్పించింది. మనది అంతకంటే సన్నని రక్షణ అని చెప్పక తప్పదు.

## ప్రమాదం జరిగితే

ఈఎస్ఐ లేదు. పనిలో ఉండగా మనిషి చనిపోయాడు. ఎంత పరిహారం వస్తుంది?

నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లకు గుణకం 207.98, 40 ఏళ్లకు 184.17. 30 ఏళ్ల మనిషి, లెక్కకు తీసుకునే వేతనం 15,000 అయితే 7,500 × 207.98 = 15,59,850. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగం బదులు 60 శాతం తీసుకుంటారు.

నెలలోపు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా. మరణం కేసులో యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద సంతకం తీసుకుంటే అది పరిహారం చెల్లించినట్టు కాదు. అధికారి దగ్గర జమచేస్తే ఆయన వారసులకు పంచుతారు. దినకర్మల నాడు పెద్దమనుషులు కూర్చుని మూడు లక్షలకు మాట్లాడి ముగించే కేసుల్లో కుటుంబాలు పోగొట్టుకునేది ఇదే. దరఖాస్తుకు గడువు రెండేళ్లు.

"నీ తప్పు వల్లే జరిగింది" అని యజమాని అంటున్నాడు.

ఒట్టి నిర్లక్ష్యం పరిహారాన్ని ఆపదు. తాగి ఉండడం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, యంత్రానికి ఉన్న గార్డును తెలిసే తీసేయడం – ఇవి మాత్రమే యజమానికి పనికొచ్చే వాదనలు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం జరిగితే అవి కూడా పనికిరావు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కేస్ షీట్‌లో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించే ప్రయత్నం జరుగుతుంది. ఏ చోట, ఏ యంత్రం దగ్గర జరిగిందో మొదటి రోజే సరిగ్గా రాయించండి. ఆ వాక్యాన్ని తర్వాత మార్పించడం చాలా కష్టం.

## మానేసేటప్పుడు, తీసేసినప్పుడు

రేపటి నుంచి రావద్దన్నారు. నాకు ఏం రావాలి?

మీరు కార్మికుడి నిర్వచనంలోకి వచ్చి, ఏడాది నిరంతర సర్వీసు ఉంటే: నెల నోటీసు లేదా నెల జీతం, ప్రతి పూర్తి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. వీటికి తోడు కొత్త నైపుణ్యం కోసం పెట్టిన నిధి నుంచి మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లో మీ ఖాతాలో పడాలి. హోదా పేరు చూసి వదులుకోకండి. "అసిస్టెంట్ మేనేజర్" అని కార్డు ఇచ్చి బిల్లింగ్ చేయిస్తే ఆ మనిషి కార్మికుడే. చూసేది చేసే పనిని.

నిరంతర సర్వీసు అంటే ఏడాదిలో 240 రోజులు. జీతం ఇచ్చే ఆదివారాలు, సెలవులు కూడా ఈ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అది తెలిసిన యజమాని 240కి ముందే పది రోజులు ఆపి మళ్లీ పిలుస్తాడు. అలా ఏళ్ల తరబడి తాత్కాలికంగానే ఉంచడం అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉంది. ఇక్కడొక చిక్కుంది. జీతం ఇచ్చానని రుజువు చేయాల్సింది యజమాని, 240 రోజులు పనిచేశానని రుజువు చేయాల్సింది మాత్రం కార్మికుడు. హాజరు కాగితాలు ఆ యజమాని బీరువాలోనే ఉంటాయి.

రాజీనామా రాసిస్తే అనుభవ ధ్రువపత్రం ఇస్తామంటున్నారు. రాయనా?

రాస్తే తొలగింపు పరిహారం, తొలగింపును సవాలు చేసే దారి రెండూ దాదాపు మూసుకుపోతాయి. వేరే ఉద్యోగం చేతిలో ఉంటే ఆ బేరం కొందరికి గిట్టుబాటు కావచ్చు. బలవంతంగా రాయించుకుంటే అదే రోజు, ఆలస్యం చేయకుండా, "ఒత్తిడి చేసి సంతకం పెట్టించారు, దీన్ని ఉపసంహరించుకుంటున్నాను" అని ఈమెయిల్ పెట్టండి. మూడు నెలల తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

ఏడేళ్ల ఎనిమిది నెలలు చేశాను. గ్రాట్యుటీ ఎంత? ఎప్పుడు ఇస్తారు?

ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి ఎనిమిదేళ్లు. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్క. చివరి వేతనం 20,000 అయితే 20,000 × 15 × 8 ÷ 26 = 92,308. గరిష్ఠం 20 లక్షలు. మామూలు ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. మరణం, వైకల్యం విషయంలో ఆ షరతు లేదు. 30 రోజుల్లో ఇవ్వాలి, దాటితే వడ్డీ. "నోటీసు ఇవ్వకుండా మానేశావు, అందుకే గ్రాట్యుటీ లేదు" అనడం కుదరదు. సంస్థకు నష్టం చేసి తొలగింపుకు గురైతే ఆ నష్టం మేరకు, హింస, నైతిక పతనం కిందికి వచ్చే నేరం లాంటి వాటికి తొలగిస్తే పూర్తిగానో కొంతో ఆపగలరు.

ఫుల్ అండ్ ఫైనల్‌కు (మానేశాక చివరి లెక్క తేల్చడానికి) 45 రోజులు పడుతుందని హెచ్ఆర్ అంటున్నారు.

అది పాత అలవాటు. రాజీనామా చేసినా, తీసేసినా జీతం బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలని కోడ్‌లో ఉంది.

ఫిర్యాదు ఎక్కడ పెట్టాలి? లాయరు ఖర్చు భరించలేను.

జీతం బకాయి, కనీస వేతనం కంటే తక్కువ, అక్రమ కోత అయితే వేతనాల కోడ్ కింద అధికారికి దరఖాస్తు. గడువు మూడేళ్లు. మీరే పెట్టొచ్చు, యూనియన్ పెట్టొచ్చు, ఇన్‌స్పెక్టరు కూడా పెట్టొచ్చు. బకాయితో పాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. తొలగింపు మీద అయితే కార్మిక శాఖలోని రాజీ అధికారి దగ్గర మొదలవుతుంది, అక్కడ తేలకపోతే ట్రిబ్యునల్. దీనికి గడువు రెండేళ్లు. "సారు పిలుస్తానన్నారు" అని ఎదురుచూస్తూ గడువు దాటేవాళ్లే ఎక్కువ.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కార్మిక కేసులకు ఈ దారి ఉందని చాలామందికి తెలియదు.

## ఉద్యోగాల మీద, సమాజం మీద

మాది చిన్న యూనిట్. ఇవన్నీ కడితే మనిషిని ఎలా పెట్టుకోవాలి?

తొమ్మిది మంది ఉన్నంత వరకు మీ మీద ఉండేవి కనీస వేతనం, సమయానికి చెల్లింపు, ప్రమాద పరిహారం లాంటివి. పదో మనిషి రాగానే ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనం వస్తాయి. ఇరవై అయితే పీఎఫ్, బోనస్.

వేతనం 12,000 అనుకుంటే ఈఎస్ఐకి 390, గ్రాట్యుటీకి పక్కన పెట్టాల్సింది సుమారు 577. మనిషికి 967. చిక్కేమిటంటే, పదో మనిషిని పెట్టుకుంటే ఆయనొక్కడికే కాదు, పది మందికీ కట్టాలి: నెలకు 9,670. ఇరవై దాటితే మనిషికి పీఎఫ్ వైపు 13 శాతం (12 శాతం వాటా, పైన బీమా, నిర్వహణ ఖర్చు), అంటే 1,560, బోనస్ 8.33 శాతం, దాదాపు 1,000 తోడవుతాయి. ఉద్యోగుల సంఖ్యను తొమ్మిది దగ్గర, పంతొమ్మిది దగ్గర ఆపేయాలనిపించడం ఈ లెక్క వల్లే. మిగతావాళ్లను రిజిస్టరులో రాయకుండా ఉంచితే, ప్రమాదం జరిగిన రోజు 15 లక్షలు సొంత జేబులోంచి పోతాయి. ఈఎస్ఐ కట్టి ఉంటే ఆ భారం ఈఎస్ఐ సంస్థదే.

రక్షణలు ఎక్కువైతే ఉద్యోగాలు తగ్గుతాయంటారు. నిజమేనా?

ఏ రక్షణ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దేశం మీద ఎక్కువగా ప్రస్తావించే అధ్యయనం టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్‌లది (2004). పారిశ్రామిక వివాదాల చట్టాన్ని కార్మికుల వైపు సవరించిన రాష్ట్రాల్లో రిజిస్టర్డ్ పరిశ్రమల్లో ఉత్పత్తి, ఉద్యోగాలు తగ్గాయని, పట్టణ పేదరికం పెరిగిందని వాళ్లు తేల్చారు. ఏ సవరణ ఎవరి వైపు అని వాళ్లు వర్గీకరించిన తీరే తప్పని ఆదిత్య భట్టాచార్జీ లాంటి ఆర్థికవేత్తలు గట్టిగా విమర్శించారు.

కళ్లెదుట కనిపించే ప్రభావం వేరే ఉంది. వ్యవస్థీకృత తయారీ రంగంలో కాంట్రాక్టు కార్మికుల వాటా 2000ల తొలి ఏళ్లలో ఐదో వంతు ఉండేది, ఇప్పుడు 40 శాతం దాటింది. పర్మనెంట్ మనిషికి రక్షణ గట్టిగా, పక్క మిషన్ దగ్గరి కాంట్రాక్టు మనిషికి పలచగా ఉంటే యజమాని ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. రక్షణ మొత్తం ఎంత అన్నదానికంటే, ఇద్దరి మధ్య తేడా ఎంత అన్నదే ఇక్కడ ఉద్యోగం ఆకారాన్ని మార్చింది.

కనీస వేతనం పెంచితే చిన్న ఉద్యోగాలు పోవా?

మరీ ఎక్కువ పెంచితే పోవచ్చు. కొంత పెంచితే పోతాయన్న గ్యారంటీ లేదు. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ పక్కనున్న పెన్సిల్వేనియాతో పోల్చి ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగాలు తగ్గలేదని చూపారు. దీని మీద వాదోపవాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారణం ఇలా చెబుతారు: చుట్టుపక్కల పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటే వాళ్లు జీతాన్ని అణచి ఉంచగలరు. రేటు పెరిగితే వాళ్ల మిగులు తగ్గుతుంది, మనుషుల అవసరం తగ్గదు.

తొలగింపుకు అనుమతి పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచడం వల్ల ఏమవుతుంది?

ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో 300 మంది లోపు ఉంటే ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించొచ్చు, మూసేయొచ్చు. రాజస్థాన్ 2014లోనే ఈ సంఖ్యకు వెళ్లింది. 95 మంది దగ్గర ఆగిన యూనిట్లు ఇప్పుడు ధైర్యంగా పెరగొచ్చన్నది సమర్థకుల వాదన. స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ రాసి పెట్టాల్సిన పని నియమాల) పరిమితి కూడా అదే 300 కావడం అంతగా చర్చకు రాలేదు. 299 మంది ఉన్న చోట షిఫ్టులు, క్రమశిక్షణ, విచారణ పద్ధతి రాసి ఉండాలన్న బాధ్యతే లేదు. మా దృష్టిలో రెండింటిలో పెద్ద లోటు ఇదే. తొలగింపు ఎప్పుడో ఒకసారి వస్తుంది, షిఫ్టు గొడవ వారం వారం వస్తుంది.

సమ్మె హక్కు పోయిందా?

పోలేదు, బిగుసుకుంది. 14 రోజుల ముందు నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి. సగం మంది, అంతకు మించి ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. నోటీసు అందాక రాజీ ప్రక్రియ మొదలైతే అది నడుస్తున్నంత కాలం సమ్మె చేయకూడదు కాబట్టి, చట్టబద్ధంగా సమ్మెలోకి వెళ్లడం ఆచరణలో కష్టమైంది.

26 వారాల ప్రసూతి సెలవు వల్ల ఆడవాళ్లను తీసుకోవడం మానేస్తున్నారా?

ఆ ప్రోత్సాహం ఉంది, దాచడం అనవసరం. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగినికి ప్రసూతి డబ్బు అందరూ కట్టిన నిధి నుంచి వస్తుంది, యజమానికి అదనంగా పైసా ఖర్చు కాదు. వేతనం 21,000 దాటితే మాత్రం ఆరు నెలల జీతం మొత్తం ఆ ఒక్క యజమాని మీదే పడుతుంది. ఇంటర్వ్యూలో "పెళ్లయిందా, పిల్లలెప్పుడు" అన్న ప్రశ్నలకు ఒక కారణం ఇదే. ప్రసూతి ఖర్చు యజమాని ఒక్కడి నెత్తిన పడకుండా బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందంలోని సూత్రం. సెలవు వారాలు తగ్గించనక్కర్లేదు, డబ్బు వచ్చే చోటు మారిస్తే చాలు. ఈఎస్ఐ వేతన పరిమితిని పెంచినప్పుడల్లా ఆ మేరకు కొందరు ఉద్యోగినుల ఖర్చు యజమాని నుంచి నిధికి మారుతుంది.